అచ్చుకెక్కని రెండో ఫారం

మామిడిపళ్ళ పెట్టె ఇంటికొస్తే మీరు పళ్ళు తీసుకుని, గడ్డి దులిపి, అడుగున పరిచిన కాగితం పారేస్తారు. నేను ఆ కాగితాన్ని తీసి, ముడతలు సాపుచేసి, చదివి గానీ పారెయ్యను. మనవరాలు నవ్వుతుంది. ఈ అలవాటు నాకు ఉద్యోగంలో అబ్బింది. ఎలాగో చెప్తాను. మీరు అచ్చుపని చూసి ఉండరు కాబట్టి, కథకి కావలసినంత మేరకే ఆ పని గురించి చెప్తాను.

ఎనభైల మధ్యలో, తాలూకాలు పోయి మండలాలు వచ్చిన కొత్తలో, నూజివీడులో ఒక చిన్న ప్రెస్సులో పనిచేసేదాన్ని. ప్రూఫులు దిద్దడం, బిల్లులు రాయడం, కాగితం లెక్క చూడడం నా పని. ప్రెస్సంతటికీ మేం ముగ్గురమే. యజమాని, అక్షరాలు పేర్చే కంపోజిటరు, నేను. కంపోజిటరే ట్రెడిల్ మిషను కూడా తొక్కేవాడు. నాకంటే వయసులో పెద్దవాడే అయినా నన్ను అక్కయ్యగారూ అనేవాడు. యజమాని మంచివాడు, పిరికివాడు. ఆ రెండూ ఒకే మనిషిలో ఉంటే మంచితనం ఎప్పుడూ రెండో వరసలోనే కూర్చుంటుందని ఆయన్ని చూసి తెలుసుకున్నాను.

ఏడాదిలో మాకు తిండి పెట్టేది మామిడి సీజనే. పెట్టెల మీద అంటించే రంగు లేబుళ్ళు మేమే వేసేవాళ్ళం. అందులో పెద్ద ఆర్డరు మామిడి రైతుల సొసైటీది. మిగతా నెలల్లో శుభలేఖలు, కరపత్రాలు. వాటి మధ్యలో యజమాని సరదా కొద్దీ వేసే చిన్న మాసపత్రిక ఒకటి. దానికి చందాదారులు కొద్దిమందే, బాకీదారులు ఎక్కువ.

సొసైటీ గురించి చెప్పాలి. అంతకు ముందు దళారులు రైతుల్ని తరుగు పేరుతో, తూకం పేరుతో నానా ఇబ్బందీ పెట్టేవాళ్ళు. రైతులందరినీ కూడగట్టి, సొంత కాటా పెట్టించి, లారీలు మాట్లాడి, సరుకు నేరుగా ఉత్తరాదికి పంపించినవాడు సొసైటీ ప్రెసిడెంటు. మొదట్లో ఆయన చేసిన మేలు అబద్ధం కాదు. దళారుల మనుషులు కర్రలతో వస్తే ముందు నిలబడ్డది ఆయనే. ఆ కృతజ్ఞతతో రైతులు ఆయన్ని ఏ లెక్కా అడగడం మానేశారు. లారీ ఎవరి తోటకి ముందు వెళ్ళాలో, ఎవరి తోటకి చివర వెళ్ళాలో ఆయన నోటిమాటే. ఎదురు మాట్లాడినవాడి తోటకి లారీ వచ్చేసరికి కాయ చెట్టునే పండి రాలిపోయేది. ఎవరైనా గొణిగితే ఒకటే మాట: "సరే, మళ్ళీ దళారుల దగ్గరికే పోండి."

ఆ ఏడాది ఉగాది వెళ్ళాక ఒక మధ్యాహ్నం రెడ్డిగూడెం వైపు హైస్కూల్లో పనిచేసే లెక్కల మాస్టారు మా ప్రెస్సుకొచ్చారు. ఆయనకీ నాలుగెకరాల రసాల తోట ఉంది. సైకిలు గోడకి ఆనించి, సంచిలోంచి కాగితాలు తీసి నా బల్ల మీద పెట్టారు.

"కథండీ. పత్రికకి. పేరు మాత్రం వెయ్యద్దు."

"ఎందుకని మాస్టారూ?"

"చదివితే మీకే తెలుస్తుంది."

కథలో ఒక ఊరి మామిడితోటల మీద కోతులు పడతాయి. ఊరివాళ్ళు ఒక కొండముచ్చును తెచ్చి, మెడకి తాడు కట్టి తోటల్లో తిప్పుతారు. మా వైపు నిజంగానే అలా చేస్తారు. కొండముచ్చు కనబడితే కోతులు ఆ చుట్టుపక్కల నిలవవు. కథలోనూ పారిపోతాయి. ఇంత మేలు చేసినదాన్ని కట్టి ఉంచడం ఏం న్యాయమని ఊరివాళ్ళు తాడు విప్పేస్తారు. కొండముచ్చు ముందు ఒక చెట్టు తనదంటుంది. తర్వాత ఏ చెట్టు కాయ ఎప్పుడు కొయ్యాలో తను చెప్తానంటుంది. కాదన్నవాడి చెట్టెక్కి కూర్చుని, కాయ రాలిపోయేదాకా దిగదు. ఎవరైనా నోరు విప్పితే "నేను వెళ్ళిపోనా? కోతులు రావాలా?" అంటుంది.

చదివి, కాగితాలు బల్ల మీద పెట్టి, మాస్టారి మొహం చూశాను. ఆయన పైకప్పు చూస్తున్నారు.

"ఒక తప్పుంది మాస్టారూ."

"స్పెల్లింగా?"

"కాదు. కొండముచ్చు పండ్ల మీదే పడ్డట్టు రాశారు. మా పుట్టింటి తోటలో నేను చూశాను. అది చిగుళ్ళు తింటుంది, పూత తింటుంది. పండు తర్వాత సంగతి."

మాస్టారు జేబులోంచి పెన్ను తీశారు. కాసేపు ఆలోచించి ఒక వాక్యం రాశారు: 'కోతులు ఈ ఏటి కాయ తిన్నాయి. కొండముచ్చు వచ్చే ఏటి పూత తింది.' తర్వాత కథలో జనం నోట నిలిచిన వాక్యం అదే. నాకు ఇప్పటికీ కాస్త గర్వంగా ఉంటుంది.

ముగింపు మీద మాత్రం మాకు కుదరలేదు. ఆయన కథలో చివరికి ఊరి పిల్లలు తాడనేదొకటి ఉండేదని మర్చిపోతారు. కొండముచ్చు మొదటినుంచీ తోటకి యజమానేనని బళ్ళో చదువుకుంటారు.

"మరీ చీకటి చేసేశారండీ," అన్నాను.

"హెచ్చరిక బోర్డు మీద ధైర్యం రాస్తారా అండీ? 'ముందు ప్రమాదకరమైన మలుపు' అని రాస్తారు. అంతే."

నేను ఒప్పుకోలేదు.

మా మిషను మీద ఒకసారికి నాలుగు పేజీలు పడేవి. దాన్ని ఫారం అంటాం. కథ మొదటి ఫారమంతా నిండి, ముగింపు ఒక్కటీ రెండో ఫారంలోకి వెళ్ళింది. కంపోజిటరు మొదటి ఫారం మిషనెక్కించాడు. కాగితం ఒకవైపు నాలుగు పేజీలూ పడ్డాయి. రెండో ఫారం పడాల్సిన రెండోవైపు ఇంకా తెల్లగానే ఉంది. అప్పటిదాకా యజమాని ఆ కథ చదవలేదు. తన పత్రికలో తన సంపాదకీయం తప్ప ఏదీ చదివే అలవాటు ఆయనకి లేదు. కంపోజిటరు మిషను తొక్కుతూ తొక్కుతూ ఫక్కున నవ్వడంతో వచ్చింది చిక్కు.

"ఏంటయ్యా అంత నవ్వు?" అని యజమాని ఒక కాగితం లాక్కుని చదివారు. చదువుతూ చదువుతూ అక్కడే స్టూలు మీద కూలబడ్డారు.

"ఇది ప్రెసిడెంటు గారి గురించి కాదూ?"

"కొండముచ్చు గురించండీ," అన్నాడు కంపోజిటరు.

"నోర్ముయ్! లేబుళ్ళ ఆర్డరు ఎవరిస్తున్నారు, నీ కొండముచ్చా? ఆపెయ్. వేసినవి కనపడకుండా చెయ్యి. అమ్మా, ఆ రాసినాయన పేరు నీకు తెలుసుగా? నాకు చెప్పకు. నాకు తెలిస్తే ఎవరో ఒకరు అడుగుతారు, నేను చెప్పేస్తాను."

తన పిరికితనం తనకి తెలిసిన మనిషిని నేను అంతకు ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

కంపోజిటరు ఆ కాగితాల్ని కట్టలు కట్టాడు. అచ్చు ఎవరికీ కనపడకూడదని తెల్లవైపు పైకి వచ్చేట్టు మడిచి కట్టి, చిత్తుకాగితాల మూలన పెట్టాడు. ఆ సంగతి నాకు చెప్పలేదు. పాడైన కాగితం కాల్చకూడదు, తూకానికి అమ్మాలని ప్రెస్సులో నియమం పెట్టింది నేనే. మామిడి సీజన్లో పెట్టెల అడుగున వెయ్యడానికి చిత్తుకాగితానికి మంచి గిరాకీ. రెండ్రోజులాగి హనుమాన్ జంక్షన్ దగ్గర ప్యాకింగు షెడ్డు మనిషి వచ్చాడు. తెల్లకట్టలు చూసి, లేబుళ్ళకి కోసి వదిలేసిన కాగితమనుకుని, నా చేత్తోనే కాటా వేసి ఇచ్చేశాను. పైగా 'ఒకవైపు తెల్లకాగితం బాబూ, మామూలు రేటుకి కుదరదు' అని బేరం కూడా ఆడాను.

నేను చేసిన పని వారం తర్వాత తెలిసింది. చాట్రాయి వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. సొంత తోటలు తనే చూసుకునే రైతు. నోరు పెద్దది, మనసూ అంతే. బొడ్డులోంచి మడిచిన కాగితం తీసి నా ముందు పరిచింది.

"ఇది మీ ప్రెస్సుదేనా అమ్మాయ్?"

చూడగానే గుర్తుపట్టాను, కొండముచ్చు కథ.

"ఎక్కడిదండీ ఇది?"

"ఎక్కడిదేంటి, నా పెట్లోదే! జంక్షన్లో షెడ్డు నిండా ఇవే. అక్కడ పనిచేసే ఆడాళ్ళలో చదువొచ్చిన పిల్ల చదువుతుంటే, మిగతావాళ్ళు కాయలు పేరుస్తా వింటున్నారు. లారీ డ్రైవర్లు టీ తాగడం మానేసి నిలబడ్డారు. అంతా బానే ఉంది గానీ, చివర లేదేంటి? మిగతా కథ ఎవరి పెట్లో పోయింది? ఢిల్లీ పోయిందా?"

"ముగింపు అచ్చవలేదండీ."

"హయ్యో! అక్కడ కొట్టుకుంటున్నారు తెలుసా?"

"ఎవరు?"

"అందరూను. ఒకడంటాడు, ఇంకో పెద్ద కొండముచ్చుని తెచ్చి దీన్ని తరమాలని. 'ఒరే, మొదటిదాన్ని తెచ్చినప్పుడూ ఇదే మాటన్నార్రా' అన్నాను. ఇంకొకడంటాడు, తుపాకీ తెచ్చి కాల్చాలని. కాలిస్తే కోతులొస్తాయిగా! నేను చెప్పింది వాళ్ళకి నచ్చింది."

"మీరేం చెప్పారండీ?"

"మళ్ళీ తాడు కట్టాలి. అయితే ఆ తాడు ఒక్కడి చేతిలో ఉండకూడదు. ఇవాళ నీ చెట్టు, రేపు నా చెట్టు. తాడు కూడా అట్టాగే, వంతుల మీద. ఏం, బాలేదా?"

బాగుందన్నాను. ఆ వెంటనే ఎవరు రాశారని అడుగుతుందేమోనని భయపడ్డాను. అడగలేదు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది. "రాసినాయన ఎవరోగానీ ఆయన తోటకి లారీ రావాలమ్మాయ్. నోరు జాగ్రత్త," అంది.

ఆ సాయంత్రం బస్సెక్కి మాస్టారింటికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన కోప్పడితే బాగుండుననుకున్నాను. ఆయన తోటకేసి చూశారు. చిన్న రసాలు ఇంకా ముదరలేదు. లారీ ఆలస్యమైతే ఒక్క కాయ కూడా మిగలదు. ఆ పంట మీదే ఆ ఇంటి ఏడాది నడవాలి.

"ముగింపు లేకుండానే చదివారా?" అన్నారు చివరికి. పంట పోతుందన్న భయం కంటే అదే ఆయన్ని ఎక్కువ బాధపెట్టినట్టుంది. రాసేవాళ్ళంతా అంతేనేమో.

సొసైటీ సర్వసభ్య సమావేశం ఆదివారం పెట్టారు. దానికి వార్షిక నివేదిక మేమే అచ్చువేశాం. ప్రతులు తీసుకుని వెళ్ళాల్సిన యజమానికి సరిగ్గా ఆ ఉదయమే జ్వరం వచ్చింది. కాబట్టి నేను వెళ్ళాను.

గోడౌను నిండా రైతులు. గడ్డివాసన, మామిడి జీడివాసన. ప్రెసిడెంటు నివేదిక చదవలేదు. తన మనుషుల చేత ఒక పెద్ద కట్ట తెప్పించి బల్ల మీద పడేయించారు. షెడ్డులో దొరికినన్ని కథ కాగితాలు పోగుచేయించినట్టున్నారు. ఒకటి పైకెత్తి నావైపు తిరిగారు.

"అమ్మా, మీరు ప్రెస్సు వాళ్ళేగా. ఇది మీ టైపేగా?"

"మాదేనండీ." అబద్ధమాడి లాభం లేదు. మా టైపులో అరిగిన అక్షరాలు ఊళ్ళో అందరికీ తెలుసు.

"ఎవరు రాశారు?"

గోడౌనంతా నావైపు తిరిగింది. మూడో వరసలో మాస్టారు. ఆయన చేతులు ముందు కుర్చీ వీపుని పట్టుకున్నాయి. లేచి ఒప్పుకుంటారీయన అనుకున్నాను. ఒప్పుకుంటే తోట పోయినట్టే. నాకు ధైర్యం లేదు, ఉన్నదల్లా పని అలవాటే. దాన్నే పట్టుకుని మాట్లాడాను.

"నేను ప్రూఫులు దిద్దే మనిషినండీ. ఎవరి పేరైనా తప్పు పడితే దిద్దడం నా పని. ఈ నాలుగు పేజీల్లో మనుషుల పేరు ఒక్కటీ లేదు. మీ పేరు ఎక్కడైనా పొరపాటున పడిందా? చూపించండి, దిద్దుతాను."

ఆయన కాగితంలోకి చూశారు. నిజంగా వెతికారు పాపం. తలెత్తేసరికి గోడౌను ఆ చివర్నుంచి పెద్దావిడ గొంతు లేచింది.

"ఉంటే చూపించండి బాబూ! కొండముచ్చు మీద రాస్తే కొండముచ్చుకి కోపం రావాలిగానీ, మీకెందుకు?"

ముందు ఒకడు నవ్వాడు. తర్వాత వరసంతా. నవ్వు గోడౌను రేకులకి తగిలి తిరిగొచ్చింది. నాకేమో భయమేసింది, నవ్వులపాలైన మనిషి ఏమైనా చేస్తాడు. ప్రెసిడెంటు మొహం ఎర్రబడింది. పిడికిలి బల్ల మీద పెట్టి, "సరే, మళ్ళీ దళారుల..." అని మొదలుపెట్టారు. వాక్యం పూర్తి చెయ్యలేకపోయారు. ఆ మాట కాగితంలో కొండముచ్చు నోట అప్పటికే అందరూ చదివేశారు.

మాస్టారు లేచారు. ఆయన కథ గురించి మాట్లాడలేదు.

"అధ్యక్షా, ఒక ప్రశ్న. లారీల వరస ఎవరు నిర్ణయిస్తున్నారు?"

అంతే. కోతి లేదు, కొండముచ్చు లేదు. ఆ సొసైటీలో అన్నేళ్ళుగా ఎవరూ అడగని ప్రశ్న, పాఠం చెప్పే గొంతుతో అడిగారు. కథ చేసే పని ఇంతవరకేనని నాకు ఆ రోజు అర్థమైంది. సూటిగా అడగలేని ప్రశ్నని కథ కొన్నాళ్ళు తన వేషంలో దాచి ఉంచుతుంది. సమయం వచ్చినప్పుడు ఎవరో ఒకరు వేషం తీసేసి అడగాలి.

"తాడు వంతుల మీద ఉండాలి!" అని ఎవరో అరిచారు. "చీటీలు వెయ్యండి!" అని ఇంకొకరు. లారీ వరసకి ఏటా చీటీలు తియ్యాలని, తీసేటప్పుడు సభ్యులంతా చూడాలని అక్కడికక్కడే తీర్మానించారు. చీటీలకి కాగితం కావాలి. బల్ల మీద సాక్ష్యంగా తెచ్చిన కట్ట ఉందిగా! ఒకవైపు తెల్లకాగితం. దాన్నే చింపి, తెల్లవైపు పేర్లు రాసి, ఖాళీ మామిడి పెట్టెలో వేసి కలిపారు. కొండముచ్చు ముక్కలు ముక్కలై తోటల వరస చెప్పింది. చీటీలు తియ్యమని పెద్దావిడ ప్రెసిడెంటు గారికే పెట్టె అందించింది. ఆయన ఒక్క క్షణం ఆగి, చొక్కా చెయ్యి పైకి మడిచి, తీశారు. ఆ ఒక్క క్షణం ఆయన మీద నాకు గౌరవం కలిగింది.

చివరి చీటీల్లో మాస్టారిదొకటి.

బయటికొచ్చాక నేను ఏడుపు మొహం పెట్టాను. ఆయన సైకిలు తాళం తీస్తూ తేలిగ్గా నవ్వారు. "చివరే వచ్చింది. కానీ ఇది నా జాతకమండీ, ఒకరి కోపం కాదు. ఈ రెంటికీ చాలా తేడా ఉంది." ఆ ఏడు ఆయన కాయ కొంత రాలింది. మిగతాది బాగానే వెళ్ళింది.

నేను ప్రతుల సంచి సర్దుకుంటుంటే ప్రెసిడెంటు దగ్గరికొచ్చారు. గొంతు తగ్గించి అడిగారు. "అమ్మా, మొదట్లో నేను బాగానే చేశానా లేదా?"

"కథలో కూడా అలాగే ఉందండీ. కొండముచ్చు మొదట బాగానే చేసింది. తాడు విప్పింది ఊరివాళ్ళు."

ఆయన తలూపారు. మళ్ళీ ఎన్నికల్లో గెలిచింది కూడా ఆయనే. చీటీల పద్ధతి మాత్రం నేను నూజివీడు వదిలేదాకా నడిచింది. లేబుళ్ళ ఆర్డరు ఒక సీజను మా చెయ్యి జారి, మళ్ళీ వచ్చింది. ఆ సీజనంతా మా యజమాని నాతో మాటలు తగ్గించి, నాకు చెప్పాల్సినవి కంపోజిటరు చేత చెప్పించారు.

రెండో ఫారం ఏమైందంటారా? ముగింపు పేర్చిన టైపు, అంటే సీసం అక్షరాలు, బల్ల మీద దారంతో కట్టే ఉండేది. చీటీలు తీసే పద్ధతి మీద సొసైటీ నోటీసు అచ్చుకొచ్చినప్పుడు అక్షరాలు చాలలేదు. కంపోజిటరు ఆ ముగింపు విప్పి, అక్షరాలు మళ్ళీ అరల్లో వేసుకున్నాడు. తాడు సంగతి మర్చిపోయిన పిల్లల కథలోని అక్షరాలే చీటీల నోటీసు అయ్యాయి.

మరుసటేడు మాస్టారు మళ్ళీ వచ్చారు. ఈసారి కథ చిన్న పుస్తకంగా వెయ్యాలట, తన పేరుతోనే. కాగితాలు లెక్కపెట్టాను. నాలుగు పేజీలకి సరిపడానే ఉన్నాయి.

"ముగింపు ఏదండీ?"

"ఐదో పేజీ తెల్లగా వదిలెయ్యండి. పెద్దావిడ నాకంటే బాగా రాసింది. ఇంకెవరైనా ఇంకా బాగా రాస్తారేమో."

"హెచ్చరిక బోర్డు మీద ధైర్యం రాయకూడదన్నారుగా?"

"రాయలేదుగా," అన్నారాయన నవ్వి. "చోటు మాత్రం వదిలాను."

కంపోజిటరుకి అది నచ్చలేదు. "ఖాళీ పేజీకి కూలి ఎట్టా కడతారు అక్కయ్యగారూ?" అని నాతో పేచీ పెట్టుకున్నాడు. పూర్తి పేజీ కూలే ఇప్పించాను. ఆ పేజీకీ నియమం ప్రకారం ప్రూఫు తీయించి, చూసి, అంచున సంతకం పెట్టాను. నా ఉద్యోగంలో ఒక్క తప్పూ దొరకని పేజీ అదొక్కటే.